షిఫ్టుకు ఒక్కరు

ఎర్నెస్ట్ వేసిన లెక్కలో తప్పు పట్టినవాళ్లు ఆ ఆఫీసులో లేరు. నాంపల్లి రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో, మురుగునీటి సంస్థ భవనం రెండో అంతస్తులో, వరండా చివర ఉన్న ఖర్చుల విభాగానికి అతను సూపరింటెండెంటు. ఇళ్ల నుంచి వచ్చే మురుగును పంపులతో ఎత్తి, శుద్ధి కేంద్రాలకు పంపి, బాగుచేసి నదిలోకి వదలడానికి వెయ్యి లీటర్లకు ఎంత ఖర్చవుతుందో ఏడాదికోసారి పట్టిక వేయడం ఆ విభాగం పని. ముప్ఫై ఏళ్లుగా ఆ పట్టిక ఎర్నెస్ట్ చేతి మీదుగానే వెళ్తోంది.

పరశురాం అదే సంస్థలో పంపు ఆపరేటరు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఆ రోజు సర్టిఫికెట్లు చూపించే వరుసలో పరశురాం ఎర్నెస్ట్ పెన్ను అడిగి తీసుకుని, తిరిగి ఇవ్వడం మరిచిపోయాడు. మర్నాడు అది ఇవ్వడానికే పనిగట్టుకుని రెండంతస్తులు ఎక్కి వచ్చాడు. అప్పటి నుంచి ఇద్దరూ స్నేహితులు.

పరశురాం పనిచేసే పంపింగ్ స్టేషన్ ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలోనే, రైలు పట్టాల వెనక పల్లపు బస్తీలో ఉంది. చుట్టుపక్కల గల్లీల మురుగంతా అక్కడి లోతైన బావిలోకి చేరుతుంది. రెండు పంపులు దాన్ని పైకి ఎత్తి పెద్ద లైన్లోకి తోస్తాయి. బావికి ముందు ఇనుప కడ్డీల జాలి ఉంటుంది. గుడ్డలు, కవర్లు, కొబ్బరి చిప్పలు, ఇంకా జనం పారేసేవన్నీ ఆ జాలికి పట్టుకుంటాయి. వానాకాలంలో అది మూసుకుపోతే నీళ్లు ముందుకు పోలేక ఇళ్లలోకి తన్నుకొస్తాయి. జాలి శుభ్రం చేయడమే అక్కడ అన్నిటికన్నా కష్టమైన పని. పై నుంచి పొడవాటి దంతెతో లాగితే కొంత వస్తుంది. రానిది ఎవరో ఒకరు నిచ్చెన దిగి తీయాల్సిందే.

పరశురాం భార్య సమ్మక్క బేగం బజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో పసుపు, కారం పొట్లాలు కట్టేది. కూతురు శశికళ కోఠి మహిళా కాలేజీలో బీకాం చివరి సంవత్సరం. ఎర్నెస్ట్, మాబెల్ దంపతులకు పిల్లలు లేరు. అబిడ్స్‌లో చర్చి వెనక గల్లీలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎర్నెస్ట్ మాబెల్‌ను ఇంటి దగ్గర దింపి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్యకు వెళ్లేవాడు. శశికళ అక్కడికే వచ్చేది. కాస్ట్ అకౌంట్స్ పుస్తకాలు వెతికి, చినిగిన పేజీలు లేవని చూసి, బేరమాడి కొనిచ్చేవాడు. ఆ పిల్ల అతన్ని పెద్దబాపు అని పిలిచేది.

"పెద్దబాపూ, బాపును ఏం పని చేస్తవని అడిగితె మోటరు ఆన్ చేస్త, ఆఫ్ చేస్త అంటడు. గంతేనా?" అని ఒకసారి అడిగింది.

"గంతే అయితే ముప్ఫై ఏండ్లు ఎందుకుంటడు బిడ్డా," అన్నాడు ఎర్నెస్ట్. అంతకన్నా వివరంగా చెప్పలేదు. పరశురాం ఇంట్లో చెప్పుకోనిది తను చెప్పడం బాగుండదనుకున్నాడు.

ఆ ఏడాది మార్చిలో పట్టిక తయారయ్యాక ఎర్నెస్ట్ దాన్ని పదేళ్ల కిందటి పట్టిక పక్కన పెట్టి చూశాడు. అప్పట్లో వంద రూపాయల ఖర్చులో కరెంటుకు ముప్ఫై నాలుగు పోయేవి. ఇప్పుడు యాభై రెండు పోతున్నాయి. మరమ్మతులకు అప్పట్లో పదిహేను ఉండేవి, ఇప్పుడు ఆరు. వెయ్యి లీటర్ల మురుగుకు ఎనిమిది రూపాయల ఖర్చు తేలితే, జనం కట్టే బిల్లుల్లో మురుగు పేరుతో వచ్చేది మూడు రూపాయలు కూడా లేదు. ఆ రేటు పెంచుదామని ఫైలు వెళ్లిన ప్రతిసారీ ఏవో ఎన్నికలు దగ్గర్లో ఉండేవి.

మరోవైపు రెండు కొత్త శుద్ధి కేంద్రాలు కడుతున్నారు. వాటికి అప్పు దొరికింది. ఆ అప్పుతో కాంక్రీటు పోయవచ్చు, యంత్రాలు కొనవచ్చు. కానీ ఆ యంత్రాలు తిరగడానికి కావలసిన కరెంటుకు గాని, పాత పంపుల బాగుకు గాని అందులోంచి పైసా తీయకూడదు. పైగా అప్పు ఇచ్చినవాళ్లు ఒక షరతు పెట్టారు. పాత స్టేషన్ల నిర్వహణ ఖర్చు పన్నెండు శాతం తగ్గితేనే రెండో విడత.

ఫైనాన్స్ జనరల్ మేనేజర్ విద్యావతి ఎర్నెస్ట్‌ను పిలిపించింది.

"కూర్చోండి. పన్నెండు శాతం ఎక్కడ తీద్దాం?"

"కరెంటు మన చేతిలో లేదు మేడమ్. శుద్ధికి కలిపే మందులు తగ్గిస్తే నీళ్లు పరీక్షలో ఫెయిలైతయి. మరమ్మతులు మూడేండ్ల నుంచి కోస్తనే ఉన్నం."

"అంటే మిగిలింది మనుషులు." ఆమె పట్టికలో ఒకచోట పెన్ను పెట్టింది. "చిన్న పంపింగ్ స్టేషన్లు పదకొండున్నయి. షిఫ్టుకు ఆపరేటరు ఒకరు, కాంట్రాక్టు హెల్పర్లు ఇద్దరు. ముగ్గురెందుకు?"

"జాలి మూసుకుపోతే ఒకరు దిగాల్సొస్తది. పైన తాడు పట్టుకోనికి మనిషుండాలె. లోపట గ్యాస్ ఉంటది."

"మనుషులు దిగకూడదని రూలే ఉంది కదా. మెషిన్ బండి వచ్చి తీయాలి."

"బండ్లు రెండే ఉన్నయి మేడమ్."

"మూడోది నాలుగు నెలల్లో కొంటాం. రెండో విడత రాగానే."

విద్యావతి కఠినురాలు కాదు. అంతకు ముందు వారం తన గది ఏసీ తీయించి కింద బిల్లులు తీసుకునే హాల్లో పెట్టించింది. ఇప్పుడు సొరుగు లాగి ఒక కాగితం అతని ముందు పెట్టింది. కరెంటు సంస్థ నుంచి వచ్చిన నోటీసు అది.

"రెండు నెలల బాకీ. పదిహేను రోజుల్లో కట్టకపోతే పెద్ద కేంద్రానికి సప్లయి ఆపేస్తారట. అది ఆగితే సగం నగరం మురుగు శుద్ధి లేకుండా నదిలో కలుస్తుంది. ఎవరి మీద వెయ్యమంటారో మీరే చెప్పండి ఎర్నెస్ట్ గారు."

ఎర్నెస్ట్ నోటీసు మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. గదికి తిరిగి వచ్చి నోటు రాశాడు. పదకొండు స్టేషన్లలో షిఫ్టుకు ఒక్క ఆపరేటరే ఉంటే సరిగ్గా పన్నెండు శాతం తగ్గుతుంది. ఇద్దరుంటే ఆరు దగ్గర ఆగుతుంది. అంకెలన్నీ వేశాక కింద రెండు వాక్యాలు కలిపాడు. మూడో యంత్రం బండి వచ్చే వరకు షిఫ్టుకు కనీసం ఇద్దరు ఉండడం అవసరమని, ఒంటరిగా ఉన్న ఆపరేటరుకు లోపల ప్రమాదం జరిగితే బయటకు తీసే మనిషి ఉండడని.

విద్యావతి నోటు తిరగేసి, "ఇది కోతలు మంజూరు చేసే కమిటీ ముందుకు వెళ్తుంది. వాళ్లు రెండో పేజీ తిప్పరు. ఒక్క పేజీలో తెండి," అంది.

ఎర్నెస్ట్ అక్షరాలు చిన్నవి చేశాడు. అంచులు తగ్గించాడు. అయినా చివరి రెండు వాక్యాలు రెండో పేజీలోకే జారుతున్నాయి. పట్టికలోంచి ఒక వరుస తీసేస్తే అవి మొదటి పేజీలోనే పట్టేవి. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ రెండు వాక్యాలు ఉంటే పన్నెండు శాతం నిలవదని, కమిటీలో ఎవరో ఒకరు మరి ఇదేమిటని అడుగుతారని కూడా తెలుసు. నాలుగు నెలల్లో బండి వస్తుంది కదా అనుకున్నాడు. సాయంత్రం అయిదైంది. మాబెల్ షుగరు మాత్రలు తెమ్మని చెప్పింది. అతను ఆ రెండు వాక్యాలు తీసేసి ప్రింటు ఇచ్చాడు.

జూన్ ఒకటి నుంచి హెల్పర్లను తీసేశారు. ఆ వారంలోనే పరశురాం ఆఫీసుకు వచ్చాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చున్నారు. పరశురాం సాసర్లోకి చాయ్ ఒంపుకుని ఊదుకుంటూ తాగాడు.

"గా లెక్క నువ్వే వేసినవంట గదా భాయ్."

"ఔ."

"నా పేరు గిట్ల తీసేస్తరేమో అని ఫికరైంది. ఉంచిన్రు. మంచిదే." నవ్వాడు. "పాపం గా పోరగాండ్లిద్దరు ఏడ్చుకుంట పోయిన్రు. ఒకనికి మొన్ననే బిడ్డ పుట్టింది."

"పరశురాం, ఏమైనా గానీ నువ్వు లోపటికి దిగొద్దు. జాలి జామైతే బండికి ఫోన్ చెయ్యి."

"ఫోన్ చేస్తె ఎంతసేపట్ల వస్తది?"

ఆఫీసు కాగితాల్లో గంట అని రాసి ఉంది. ఎర్నెస్ట్ గంట అన్నాడు.

"గంటయితె ఏం కాదు తియ్," అని పరశురాం చాయ్ పైసలు తనే ఇచ్చాడు. నోటులోంచి తీసేసిన వాక్యాల గురించి ఎర్నెస్ట్ ఆ రోజు చెప్పలేదు. చెబితే ఏమవుతుందిలే అనుకున్నాడు.

జూలై మూడో వారంలో మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. మూడో రోజు పొద్దున పది కాకముందే పరశురాం ఫోన్ చేశాడు. వెనకాల మనుషుల అరుపులు వినిపిస్తున్నాయి.

"భాయ్, జాలి మొత్తం మూసుకపోయింది. ఎవడో పరుపు పారేసిండు, అడ్డం పడ్డది. బండోళ్లకు నాలుగు సార్లు చేసిన, ఎత్తుతలేరు. నువ్వు జర చెప్పు."

ఎర్నెస్ట్ వాహనాల విభాగానికి ఫోన్ చేశాడు. ఒక బండి షెడ్డులో ఉంది. విడిభాగాల బిల్లు మంజూరు కాలేదు. రెండోది నగరానికి ఆ కొసన ఉంది, ఈ వానలో రావడానికి రెండు గంటలకు తక్కువ పట్టదు. ఎర్నెస్ట్ మళ్లీ పరశురాంకు చేశాడు.

"రెండు గంటలంటున్నరు. నువ్వు ఆగు."

"నీళ్లు ఇండ్లల్లకు పోతున్నయ్ భాయ్. గిర్నీ బుచ్చిబాబు ఇంట్ల మోకాళ్ల దాంక వచ్చినయ్. వాళ్లమ్మ పక్షవాతమొచ్చి మంచంల ఉన్నది."

"నువ్వు దిగకు. వింటున్నవా? ఒక్కనివే ఉన్నవు, దిగకు."

"సరే," అని పరశురాం పెట్టేశాడు.

ఎర్నెస్ట్ అయిదు నిమిషాలు కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత కూర్చోలేక గొడుగు తీసుకుని బయల్దేరాడు. రోడ్డు మీద ఆటోలు నీళ్లలో ఆగిపోయి ఉన్నాయి. పది నిమిషాల దారికి ముప్పావుగంట పట్టింది. బస్తీ మలుపు తిరగ్గానే స్టేషన్ గోడ దగ్గర జనం కనిపించారు. గేటు తెరిచే ఉంది. బావి పక్క రెయిలింగుకు కట్టిన తాడు నిటారుగా లోపలికి దిగి ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

పిండి గిర్నీ నడిపే బుచ్చిబాబు తడిసిపోయి అక్కడే నిలబడి ఉన్నాడు. "తాడు నేను పట్టుకుంటనన్న సార్," అన్నాడు. "ముందు పోయి మీ అమ్మను పక్కింటి మిద్దె మీదికి ఎక్కియ్యి, నాకు రెండు నిమిషాల పని అన్నడు. నేను అమ్మను ఎక్కిచ్చొచ్చే వరకు పిలిస్తె పలుకుతలేడు. దిగుదమంటె వీళ్లు నన్ను ఆపిన్రు."

ఎర్నెస్ట్ రెయిలింగు పట్టుకుని పరశురాం పేరు పిలిచాడు. ఎన్నిసార్లు పిలిచాడో అతనికి తర్వాత గుర్తు లేదు. అగ్నిమాపక దళం వాళ్లు మాస్కులు పెట్టుకుని దిగి అరగంటలో పరశురాంను పైకి తెచ్చారు. నడుముకు తాడు గట్టిగానే కట్టుకున్నాడు. ముఖానికి చుట్టుకున్న తడి తువ్వాలు మెడ మీదకు జారింది. పరుపు ముక్కలు సగం దాకా కోసి పక్కకు లాగాడు. ఆ సగం సందులోంచే నీళ్లు కదిలి, మధ్యాహ్నానికల్లా బస్తీ ఇళ్లలోంచి దిగిపోయాయి.

దవాఖానలో శవాల గది ముందు బల్ల మీద సమ్మక్క కూర్చుని ఉంది. దుకాణం నుంచి పిలుచుకొచ్చారు. చేతులకు పసుపు అలాగే ఉంది. ఏడవడం లేదు.

"అన్నా, ఒక్కడే ఎందుకు దిగిండు?" అని అడిగింది.

"పైన ఎవరు లేరమ్మా."

"ఎందుకు లేరు?"

ఎర్నెస్ట్ ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె మళ్లీ అడగలేదు. శశికళ గోడకు ఆనుకుని, తండ్రి ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. మాబెల్ వెళ్లి ఆ పిల్లను దగ్గరకు తీసుకుంది.

పదకొండో రోజున సంస్థ విచారణ వేసింది. మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ల కుటుంబానికి ఇచ్చే పెద్ద పరిహారం, పిల్లల్లో ఒకరికి ఉద్యోగం, రెండూ ఆ విచారణ మీద ఆధారపడి ఉన్నాయి. మనుషులు దిగకూడదన్న నిబంధన ఉంది, బండి వస్తోందని చెప్పారు, ఎవరూ దిగమని ఆదేశించలేదు, కనుక మృతుడు తన నిర్లక్ష్యం వల్లే చనిపోయాడని కాగితాలు తయారవుతున్నాయి. మనుషులను తగ్గించినప్పుడు భద్రత గురించి ఎవరైనా అభ్యంతరం రాశారా అని విచారణ అధికారి ఫైనాన్స్ విభాగాన్ని అడిగాడు. ఫైల్లో ఉన్నది ఒక్క పేజీ నోటు. అందులో అలాంటి మాటేదీ లేదు.

ఆ రాత్రి ఎర్నెస్ట్ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు.

"నీ కంప్యూటర్ల గా పాత నోటు ఉందా?" అని అడిగింది మాబెల్. అతను ఆమెకు అప్పటికే అంతా చెప్పి ఉన్నాడు.

"ఉంది."

"అది ఇస్తే నీకేమైతది?"

"రిటైర్మెంటు ఎనిమిది నెలలున్నది. పెన్షన్ల కోస్తరు. ఇంకేం చేస్తరో తెల్వదు."

మాబెల్ తన మాత్రల డబ్బా మూత పెట్టి పక్కకు జరిపింది. ఆమె మందులకే నెలకు నాలుగు వేలవుతాయి. "ఇయ్యి," అంది చివరికి. "సమ్మక్క మొకం చూసి నేను అబద్ధమాడలేను."

మర్నాడు ఎర్నెస్ట్ ముందు విద్యావతి గదికి వెళ్లి, రెండు పేజీల పాత నోటు ఆమె బల్ల మీద పెట్టాడు. ఇది విచారణకు ఇస్తున్నానని చెప్పాడు. ఆమె చివరి వాక్యాలు రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇవి తీసేయమని నేను చెప్పలేదు ఎర్నెస్ట్ గారు. ఒక్క పేజీ అన్నాను."

"ఔ మేడమ్. తీసింది నేనే. గదే రాసిస్త."

"నేను చదివాను ఆ రోజు. రెండో పేజీ చదివాను." ఆమె గొంతు తగ్గింది. "మళ్లీ మీరు తెచ్చినప్పుడు అవి లేవని చూశాను. అడగలేదు." నోటు అతని వైపు జరిపి, "అది కూడా రాయండి," అంది.

అతను అలాగే రాశాడు. విచారణ మూడు నెలలు సాగింది. సిబ్బంది చాలకపోవడం వల్ల ప్రాణం పోయిందని, ఆ ప్రమాదం ఫైనాన్స్ విభాగానికి ముందే తెలుసని తేల్చారు. సమ్మక్కకు పరిహారం మంజూరైంది. విద్యావతిని మరో శాఖకు పంపారు. ఎర్నెస్ట్‌కు చార్జి మెమో వచ్చింది. చివరికి పెన్షన్‌లో పదో వంతు కోత పడింది.

శశికళకు మాత్రం అతను విచారణ ముగిసేదాకా ఆగకుండా చెప్పాడు. ఆగస్టులో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆమే వచ్చి కలిసింది. పరీక్ష పుస్తకం ఒకటి కావాలంది. అతను పుస్తకం వెతకకుండా ఆమెను మూసి ఉన్న ఒక బట్టల దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి, మార్చి నుంచి జరిగినదంతా వరుసగా చెప్పాడు. చెబుతున్నంతసేపు ఆమె రోడ్డు వైపే చూసింది.

"గా రెండు లైన్లుంటె బాపు బతుకునా?"

"తెల్వదు బిడ్డా. కమిటీ చదవకనే పోవచ్చు. చదివి ఇద్దర్ని ఉంచనూ వచ్చు."

"మీకు తెల్వకుండ తీసిన్రా, తెలిసి తీసిన్రా?"

"తెలిసే."

ఆమె లేచి నిలబడింది. చున్నీ సర్దుకుంది. "హోటల్ల చాయ్ తాగినప్పుడన్న చెప్పకపోతిరి. బాపు ఇంటికొచ్చి సంబురంగ చెప్పిండు. పెద్దబాపు ఉన్నడు, మనకు ఫికర్ లేదని." తర్వాత నెమ్మదిగా, "నేను పోత సార్," అంది.

సార్ అన్న మాట ఆమె నోట అతను వినడం అదే మొదలు. ఆమె బస్సు ఎక్కేదాకా అతను ఆ మెట్ల దగ్గరే ఉన్నాడు.

డిసెంబరులో శశికళకు ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. జూనియర్ అసిస్టెంటు. లెక్కలు చదివిన పిల్ల కాబట్టి ఖర్చుల విభాగంలోనే వేశారు. వేరేచోట వేయించమని అడుగుదామా అని ఎర్నెస్ట్ కబురు పెడితే, "ఎక్కడైతే ఏంది, అమ్మకు జీతం కావాలె," అని జవాబు వచ్చింది. ఎర్నెస్ట్ బల్లకు ఎదురుగా, కిటికీ పక్కన ఆమెకు బల్ల వేశారు. అతని ఉద్యోగం ఇంకా మూడు నెలలే ఉంది.

ఆ మూడు నెలలు వాళ్లిద్దరూ ఒకే గదిలో పనిచేశారు. ఆమె టైముకు వచ్చేది, తలవంచుకుని పని చేసేది. ప్రతి అంకెకూ ఆధారం అడిగేది. కరెంటు యూనిట్లు ఎక్కడి నుంచి తీశారు, ఈ స్టేషన్ మరమ్మతు ఎందుకు వాయిదా పడింది, ఎవరు వాయిదా వేశారు. ఎర్నెస్ట్ పాత ఫైళ్లు తీసి చూపించేవాడు. పనిలో ఏదీ దాచలేదు. పని కాని మాట ఆమె ఏదీ అడగలేదు.

ఒక్క రోజు తప్ప. ఆ మధ్యాహ్నం గదిలో మిగతావాళ్లు భోజనానికి వెళ్లారు. ఆమె డబ్బా మూత తీసి, తినకుండా కూర్చుని ఉంది.

"సార్, బాపు ఆఖర్న మీతోనే మాట్లాడిండు. ఫోన్ల చూసిన. ఏమన్నడు?"

"దిగకు అన్న. సరే అన్నడు."

"సరే అన్నడా?"

"ఔ."

ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. "నేను చలికి స్వెటర్ వేసుకోమంటే గూడ సరే అంటుండె. ఎన్నడు వేసుకోలే," అంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఎర్నెస్ట్ లేచి బయటకు వెళ్లి, వరండాలో చాలాసేపు నిలబడ్డాడు. గదిలోకి వచ్చేసరికి ఆమె పనిలో ఉంది.

రెండో విడత అప్పు జనవరిలో వచ్చింది. కొత్త కేంద్రాల్లో ఒకదానికి గోడలు లేచాయి. మూడో బండి మాత్రం రాలేదు. టెండరు ధర అంచనా దాటిందని వచ్చే ఏడాదికి జరిపారు. పరశురాం చనిపోయిన స్టేషన్‌లో షిఫ్టుకు ముగ్గురిని మళ్లీ పెట్టారు. మిగతా పది స్టేషన్లలో పెట్టాలని ఎర్నెస్ట్ ఫిబ్రవరిలో మళ్లీ రాశాడు. కొత్త జనరల్ మేనేజర్ దాని మీద నిధులు లేవని రాసి తిప్పి పంపాడు. అది అబద్ధం కాదు. ఆ నెల కరెంటు బిల్లు అప్పు తెచ్చి కట్టారు.

మార్చి ఆఖరున ఎర్నెస్ట్ రిటైరయ్యాడు. చార్జి మెమో ఉన్న మనిషి కాబట్టి పైఅధికారులు రాలేదు. గదిలోని నలుగురు సమోసాలు తెప్పించి, దండ వేసి ఫోటో దిగారు. శశికళ ఫోటోలో నిలబడలేదు. అందరూ వెళ్లాక బీరువా తాళాలు తీసుకోవడానికి వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టింది.

"అమ్మ మిమ్మల్ని, మాబెల్ పెద్దమ్మను ఇంటికి రమ్మన్నది," అంది.

"నువ్వేమంటవు?"

ఆమె తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నేను ఇప్పుడే ఏం అన్లేను సార్. అమ్మ రమ్మన్నది, రాండ్రి."

ఆ ఆదివారం సాయంత్రం ఎర్నెస్ట్, మాబెల్ వెళ్లారు. సమ్మక్క వాళ్లను లోపలికి పిలిచి చాప వేసింది. గోడ మీద పరశురాం ఫోటో ఉంది, ఉద్యోగంలో చేరినప్పటిది, పాస్‌పోర్టు సైజు నుంచి పెద్దది చేయించారు. సమ్మక్క చాయ్ పెట్టింది. బేగం బజార్‌లో పని మానేశానని, ఊపిరి ఆడక దగ్గు వస్తోందని చెప్పింది. మాబెల్ ఏ డాక్టరు దగ్గరికి పోవాలో చెప్పింది. పరిహారం పైసల్లో కొంత పిల్ల పేరు మీద వేశానంది సమ్మక్క.

"వదినె, బిడ్డ నాకన్ని చెప్పింది, మీరేం మనసుల పెట్టుకోకుండ్రి," అంది మాబెల్‌తో. ఎర్నెస్ట్ వైపు చూసి, "ఆయన నిన్ను ఒక్కనాడు గూడ ఒక్క మాట అనలే అన్నా. నేనేమంట?" అంది. ఎర్నెస్ట్ తల పైకెత్తలేకపోయాడు.

శశికళ ఇంట్లో లేదు.

"కోఠికి పోయింది, దోస్తులతోని. మీరొస్తరని చెప్పిన. వస్తది, కూసోండ్రి," అంది సమ్మక్క.

వాళ్లు కూర్చున్నారు. సమ్మక్క ఇంకోసారి చాయ్ పెట్టింది. గల్లీలో పిల్లలు ఆట ముగించి ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లారు. సమ్మక్క లేచి లైటు వేసి, రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చింది. ఎనిమిదయ్యాక మాబెల్ భర్త భుజం మీద చెయ్యి వేసి, ఇక వెళ్దామంది. అతను లేవడానికి ఇంకొంత సేపు పట్టింది.